పొయ్యి లేని గదిలో పెసరపప్పు సలాడ్

మా పీజీలో ఆదివారం రాత్రి భోజనం పెట్టరు. మధ్యాహ్నం చికెన్ వండి, మూడింటికల్లా గిన్నెలు కడిగి, వంటగదికి తాళం వేసేస్తారు. గదుల్లో ఇండక్షన్ స్టవ్ వాడకూడదు, కరెంటు కెటిల్ కూడా పెట్టుకోకూడదు. తలుపు వెనక అంటించిన కాగితం మీద మొదటి రెండు లైన్లూ అవే. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఇలాంటి పీజీలు వీధికి పది ఉంటాయి. నేను ఇల్లు వెతుక్కుంటూ చూసిన వాటిలో చాలాచోట్ల ఇదే నియమం. మా అంతస్తులో పద్దెనిమిది గదులున్నాయి, వైరింగ్ పాతది. అందుకే ఆ నియమం తప్పని నేను అనను.

ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాదంతా ఆదివారం రాత్రికి బిర్యానీ తెప్పించుకునేదాన్ని. తినేటప్పుడు బాగానే ఉండేది. సోమవారం పొద్దున లేచేసరికి కడుపు బరువుగా, నోరు ఎండిపోయినట్టు ఉండేది. డబ్బు సంగతి సరేసరి. దానికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఏడాదిలో ఒక్కరోజు కూడా నా చేత్తో కూరగాయ కోసుకుని తినలేదు. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీయడం, గోంగూర వలవడం నాకు ఇష్టమైన పనులు. ఇక్కడ నా సొంతానికి చాకు కూడా లేదు.

అప్పుడు పొయ్యి అక్కర్లేని వంటల కోసం ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. బీన్స్, కూరగాయలు కలిపి చేసే సలాడ్లు చాలా కనిపించాయి. పదిహేను నిమిషాల పని, మంట అవసరం లేదు, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి కూడా ఉంటుంది. చూడగానే ఇది మా గదికే సరిపోయే వంట అనిపించింది. అయితే అన్నీ టిన్ను తెరవడంతోనే మొదలవుతున్నాయి. టిన్నులో రాజ్మా, టిన్నులో కాబూలీ శనగలు, టిన్నులో మొక్కజొన్న.

సరే అని ఒక శనివారం సూపర్‌మార్కెట్‌కి వెళ్లి రాజ్మా టిన్ను ఒకటి, శనగల టిన్ను ఒకటి కొన్నాను. రెండింటికీ కలిపి మూడు వందలు దాటింది. దేశం దాటి వచ్చిన టిన్నులవి. పైన లాగే రింగు లేదు, కోసే ఓపెనర్ నా దగ్గర లేదు. కింద వాచ్‌మన్ అన్న స్క్రూడ్రైవర్‌తో అంచు చుట్టూ చిల్లులు పొడిచి తెరిచిపెట్టాడు. టిన్ను మీద నాలుగు వందల గ్రాములు అని ఉంది కానీ, లోపలి చిక్కటి నీళ్లు వంచేస్తే గింజలు రెండు వందల నలభై గ్రాములే. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, జిగురు కూడా ఉంటుంది. అందుకని చిల్లుల గిన్నెలో వేసి రెండుసార్లు కడిగాను. ఉల్లిపాయ, టమాటా, కీరా, క్యాప్సికమ్ కోసి కలిపి, నిమ్మకాయ పిండి, ఉప్పు, మిరియాల పొడి వేశాను. నిజంగా బాగుంది. మా రూమ్మేట్స్ ఇద్దరూ, నేనూ గిన్నె ఖాళీ చేశాం.

రుచిలో లోటేమీ లేదు. కానీ వారం వారం మూడు వందలు పెట్టి టిన్నులు కొనడం నావల్ల కాదు. అదే రాజ్మా కిరాణా కొట్లో ఎండు గింజలుగా అరకిలో కొంటే నెలంతా వస్తుంది కదా అనుకున్నాను. ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. ఇది రాయడానికి కూర్చున్నది ముఖ్యంగా దీని కోసమే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి గుప్పెడు రాజ్మా నానబోశాను. పొద్దుటికి గింజలు ఉబ్బాయి, గోటితో నొక్కితే దిగుతోంది. శనగలు నానబెడితే మా తాతయ్య పొద్దున్నే అలాగే నమిలేవారు. పెసలు నానితే మేం పిల్లలం దోసిళ్లతో తినేవాళ్లం. రాజ్మా కూడా అంతేలే అనుకున్నాను. కూరగాయ ముక్కల్లో కలిపి సాయంత్రం తినడానికి కూర్చున్నాను. పచ్చి వాసన వచ్చింది, గట్టిగా కూడా ఉంది. అయినా ఏడెనిమిది గింజలు నమిలాను. మిగతావి పక్కకు తీసి, కూరగాయలు తినేశాను. అదృష్టం కొద్దీ ఆ రోజు రూమ్మేట్స్ ఊళ్లో లేరు.

రెండు గంటలు గడిచాయో లేదో కడుపులో తిప్పడం మొదలైంది. తర్వాత వాంతులు. ఒకటి కాదు, వరసగా అయిదారు. ఒళ్లంతా చెమట పట్టింది, కూర్చోవడానికి కూడా ఓపిక లేదు. పక్క గది కడప అమ్మాయి నన్ను ఆటోలో దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరుగారు ఏం తిన్నావని అడిగారు. సలాడ్ అన్నాను. సలాడ్‌లో ఏముందని ఒక్కొక్కటే చెప్పించుకున్నారు. రాజ్మా అనగానే, "ఉడికించావా?" అని అడిగారు. లేదన్నాను. ఆవిడ కలం కింద పెట్టి, నా వైపు చూసి, ఓపిగ్గా చెప్పారు.

పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే జాతికి చెందిన ప్రోటీన్ ఒకటి ఉంటుంది. ఫైటోహీమాగ్లుటినిన్ అని దాని పేరు. తెల్ల రాజ్మాలో కంటే ఎర్ర రాజ్మాలో ఇది చాలా ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, ఆ వెనకే విరేచనాలు పట్టుకుంటాయి. సాధారణంగా కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గిపోతుంది. నానబెట్టినంత మాత్రాన అది పోదు. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా మరిగించాలి. పది నిమిషాలు గట్టిగా మరిగితే అది నశిస్తుంది, అరగంట మరిగిస్తే ఇంకా నమ్మకం. మరగకుండా సన్నటి వేడి మీద సగం ఉడికిన గింజ పచ్చి గింజ కంటే ఎక్కువ కీడు చేయగలదట. ఈ మాట విన్నాక నాకు వణుకొచ్చింది. ఎందుకంటే, ఆఫీసులో వేడినీళ్ల మెషీన్ నుంచి ఫ్లాస్కులో నీళ్లు పట్టుకొచ్చి రాజ్మా అందులో వేసి మూత పెట్టేస్తే మెత్తబడుతుందేమో అని ఆ ముందు వారమే ఆలోచించాను.

మన ఇళ్లలో ఈ గొడవ ఎప్పుడూ రాదు. ప్రెషర్ కుక్కర్లో వేడి నూరు డిగ్రీలు దాటుతుంది, విజిళ్లు వచ్చేదాకా ఉంచుతాం. అందుకే పచ్చి రాజ్మా సంగతి ఎవరూ పిల్లలకు విడిగా చెప్పరు. టిన్నులో గింజలు కూడా అంతే. మూత బిగించాక డబ్బాతో సహా గట్టి వేడిలో ఉడికించేస్తారు. పొయ్యి అక్కర్లేని సలాడ్ అని ఫోన్‌లో వంటలు పెట్టేవాళ్లు అనేది ఆ గింజ ముందే ఉడికి ఉంది కాబట్టి. నేను ఆ ఒక్క ముక్క గమనించలేదు.

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి చెబితే మొదట ఏడ్చింది, తర్వాత కోప్పడింది.

"పచ్చి రాజ్మా తింటారటే ఎవరైనా? పచ్చిగా తినాలనుకుంటే పెసరపప్పు లేదా? నవమికి వడపప్పు గిన్నెడు తింటావు కదే, అది నానబోసుకోలేకపోయావా?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. చిన్నప్పటి నుంచి ప్రతి శ్రీరామనవమికి పానకంతో పాటు తింటున్న వడపప్పు పొయ్యి ఎక్కని పప్పే కదా. పెసరపప్పు గంటన్నర, రెండు గంటలు నానితే చాలు, పంటి కింద మెత్తగా, కొంచెం తియ్యగా ఉంటుంది. అందులో అమ్మ పచ్చికొబ్బరి, మామిడి ముక్కలు, పచ్చిమిర్చి వేస్తుంది. అమ్మ చెప్పేదాకా ఆ పప్పు నాకు గుర్తు రాలేదు.

ఆ ఏప్రిల్‌లో మా ఆఫీసులో పనిచేసే కన్నడ అక్క నన్ను చామరాజపేటకు తీసుకెళ్లింది. అక్కడ ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో రామనవమికి పెద్ద పెద్ద కచేరీలు జరుగుతాయి. 1939లో మొదలైన రామసేవా మండలి వాళ్లు నడుపుతున్నారు. దారిలో ఒక చిన్న గుడి ముందు పందిరి వేసి, వచ్చేపోయే వాళ్లందరికీ పానకం, మజ్జిగ, దొప్పలో కోసంబరి ఇస్తున్నారు. నోట్లో పెట్టుకోగానే ఇది మా వడపప్పే అనిపించింది. కాకపోతే సన్నగా తరిగిన కీరా, క్యారెట్ తురుము, కొత్తిమీర, నిమ్మరసం, పైన ఆవాల తాలింపు ఉన్నాయి. కీరాని వాళ్లు సౌతెకాయి అంటారు, పెసరపప్పుని హెసరు బేళె అంటారు. పెళ్లిళ్లలో అరటాకు వేయగానే మొదట వడ్డించే వాటిలో కోసంబరి ఉంటుందనీ, శనగపప్పుతో కూడా చేస్తారనీ అక్క చెప్పింది. తాలింపు లేకపోతే బాగుండదా అని అడిగాను. నైవేద్యానికి తాలింపు లేకుండా చేసే ఇళ్లు కూడా ఉన్నాయంది. నాకు కావలసింది ఆ మాటే.

తర్వాతి ఆదివారం మడివాళ మార్కెట్‌కి వెళ్లాను. అక్కడ కూరగాయలమ్మే ఒకావిడది చింతామణి. కోలారు, చింతామణి వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. నా ఫోన్ మాటలు విని పలకరించింది.

"యాడనుంచి వచ్చినావమ్మా?"

"ఒంగోలు నుంచమ్మా. కోసంబరి చేద్దామని."

"అట్లయితే ఈ లావువి వద్దు. లేతవి తీసుకో. లోపల గింజలుంటే నీళ్లు ఊరి, పప్పంతా పసపస అయితాది."

అప్పటి నుంచి ఆవిడ దగ్గరే కొంటున్నాను. క్యారెట్ మాత్రం అప్పుడప్పుడు హాప్‌కామ్స్ దుకాణంలో తీసుకుంటాను. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన సంస్థ అది. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం గొడవ లేదు.

ఇక ఎలా చేస్తున్నానో చెబుతాను. నలుగురికి ఒక గ్లాసు పెసరపప్పు సరిపోతుంది. పొట్టు తీసిన పసుపు పప్పే వాడతాను. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడిగి, నాలుగున్నరకి నానబోస్తాను. నానబోసే నీళ్లు మాత్రం తాగే క్యాను నీళ్లే. మా పీజీ కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు. వండే వంటయితే ఆ నీళ్లు మరుగుతాయి కాబట్టి ఫరవాలేదు. ఇందులో మంట అన్నదే లేదు, కాబట్టి నీళ్లు, చేతులు, చాకు, బోర్డు, గిన్నె అన్నీ శుభ్రంగా ఉండాలి. కూరగాయల్ని కూడా కుళాయి కింద మట్టి పోయేలా రుద్ది కడిగి, చివర్న ఒకసారి క్యాను నీళ్లతో తొలుస్తాను. దీని విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. రూమ్మేట్స్ సాయానికి వచ్చినా ముందు చేతులు సబ్బుతో కడుక్కోమంటాను.

రెండు గంటలు నానాక పప్పు గింజ తీసి గోటితో నొక్కితే చటుక్కున విరగాలి. నలిగిపోయి ముద్దయితే ఎక్కువ నానినట్టు. రాత్రంతా నానబెడితే ఎండాకాలంలో నురగ కట్టి పులిసిన వాసన కూడా వస్తుంది. ఒకసారి అలా అయితే మొత్తం పారబోశాను. నానాక చిల్లుల గిన్నెలో వంచి, శుభ్రమైన కాటన్ తువ్వాలు మీద పల్చగా పరిచి ఒక పావుగంట ఆరనిస్తాను. మొదట్లో ఈ పని చేయలేదు. పప్పుకు అంటుకుని ఉన్న నీళ్లే నిమ్మరసాన్ని పల్చన చేసి రుచి లేకుండా చేసేవి. ఆరబెట్టిన రోజు నుంచి తేడా తెలిసింది. పప్పు పప్పుగా, పొడిపొడిగా ఉంటుంది, పులుపు దానికి పడుతుంది.

అది ఆరుతుండగా కూరగాయలు. కీరా ముందు. రెండు కొసలూ కోసి, కోసిన ముక్కతో తెల్ల నురగ వచ్చేదాకా రుద్దడం అమ్మ నేర్పింది. రుద్దినా సరే, ప్రతి కాయలోనూ ఒక చక్రం కోసి నోట్లో వేసుకుని చూడందే గిన్నెలో వేయను. ఒక్క చేదు కాయ పడితే పప్పంతా పాడవుతుంది. బాగా చేదుగా ఉన్న కాయ తినకూడదు కూడా, కడుపుకి పడదు. గింజలు ముదిరి ఉంటే నిలువుగా చీల్చి చెంచాతో గీరేస్తాను. ముక్కలు పప్పు గింజ కంటే కొంచెం పెద్దగా, అంతే. పెద్ద ముక్కలు కోస్తే చెంచాలోకి కీరా ఒకసారి, పప్పు ఒకసారి విడివిడిగా వస్తాయి. చిన్నగా కోస్తే అన్నీ కలిసి వస్తాయి. ఈ కోతకే నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ వారంలో నాకు చాలా ఇష్టమైన సమయం. ఫోన్ దూరంగా పెట్టేస్తాను. కిటికీ పక్కన కింద కూర్చుని, బోర్డు మీద టకటకమని కోసుకుంటూ ఉంటే ఇంట్లో ఉన్నట్టుంటుంది.

క్యారెట్ చెక్కు తీసి తురుముతాను. తురుముపీటకి పెద్ద కన్నాల వైపే. సన్న కన్నాల్లో తురిమితే రసం కారి పప్పుకి రంగు పట్టేస్తుంది. క్యాప్సికమ్ సగం చాలు, ఎక్కువ వేస్తే దాని వాసనే పైకి వస్తుంది. స్వీట్ కార్న్ లేత కండె దొరికితే గింజలు చాకుతో చెక్కి పచ్చిగానే వేస్తాను, చాలా తియ్యగా ఉంటాయి. పచ్చికొబ్బరి చిప్ప సగం కొని సన్నటి ముక్కలు చేస్తాను. కొబ్బరి కొనేటప్పుడు వాసన చూసుకోవాలి, నూనె వాసన వస్తే వద్దు. ఉల్లిపాయ మా వడపప్పులోనూ లేదు, కోసంబరిలోనూ సాధారణంగా వేయరు. మా రూమ్మేట్‌కి ఇష్టమని తన గిన్నెలో విడిగా వేసిస్తాను.

తాలింపు లేని లోటు తీర్చడానికి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు ఇలా చేస్తున్నాను. చిన్న గిన్నెలో రెండు నిమ్మకాయలు పిండి, చిటికెడు ఇంగువ వేసి కరిగేదాకా తిప్పుతాను. ఇంగువ పొడిని నేరుగా పప్పు మీద చల్లితే ఒకచోటే ఉండలు కట్టి ఘాటు తగులుతుంది, పులుపులో కరిగిస్తే అంతటా పరుచుకుంటుంది. అందులో అరంగుళం అల్లం తురుము, సన్నగా తరిగిన రెండు పచ్చిమిర్చి వేసి వేళ్లతో నలుపుతాను. చివర్న అమ్మ పంపిన నువ్వుల నూనె ఒక చెంచా. ఒంగోలు నుంచి ఎవరొచ్చినా అమ్మ రెండు పంపుతుంది, నువ్వుల నూనె సీసా, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పులు. ఆ పప్పుల్ని చపాతీ కర్రతో కచ్చాపచ్చాగా నలిపి తినేముందు పైన వేస్తే, తాలింపులో మినప్పప్పు పంటికి తగిలినట్టే కరకరలాడతాయి.

ఉప్పు చిట్టచివర. దీనిమీద ఎంత చెప్పినా తక్కువే. మొదటి రెండుసార్లూ అన్నిటితో పాటు ఉప్పు కూడా వేసి కలిపి, స్నానానికి వెళ్లొచ్చాను. వచ్చేసరికి గిన్నె అడుగున అరగ్లాసు నీళ్లు. కీరా ముక్కలు వాడిపోయి తోలులా అయ్యాయి. ఉప్పు కూరగాయలోని నీటిని బయటికి లాగేస్తుంది, ఆవకాయ ఊరేది కూడా అందుకే. అక్కడ మనకి ఊట కావాలి, ఇక్కడ వద్దు. అందుకని అందరూ వచ్చి గిన్నెలు పట్టుకుని కూర్చున్నాకే ఉప్పు, నిమ్మరసం, కొత్తిమీర వేసి కలుపుతాను. ఆఫీసుకి డబ్బా కట్టుకునే రోజున పప్పు, క్యారెట్, కొబ్బరి ఒక డబ్బాలో, కీరా వేరే డబ్బాలో, నిమ్మరసం మిశ్రమం చిన్న సీసాలో, ఉప్పు కాగితంలో పొట్లం. అక్కడ ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం కలుపుకుంటాను. టమాటా మాత్రం డబ్బాలో వద్దనే నా సలహా, అది ఊరికే నీరు వదులుతుంది. నిమ్మకాయ రుచికే కాదు, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా సాయం చేస్తుంది.

మొలకల సంగతి కూడా చెప్పాలి. పప్పు విసుగనిపించినప్పుడు పెసలు మొలకెత్తించాను. ఒంగోల్లో మే నెలలో పొద్దున గుడ్డలో కడితే రాత్రికి తెల్లటి మొలక కనబడుతుంది. ఇక్కడ డిసెంబరులో రోజున్నర అయినా ముక్కు కూడా రాలేదు. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, చలికాలం రాత్రులు చల్లగా ఉంటాయి. హాట్‌ప్యాక్ డబ్బాలో తడిగుడ్డ చుట్టి పెడితే అప్పుడు వచ్చాయి. అయితే గింజకి నచ్చే ఆ వెచ్చదనం, తడి చెడ్డ క్రిములకీ నచ్చుతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ.కోలి వ్యాపించి యాభైమందికి పైగా చనిపోయారు. మొలకలు పచ్చిగా తినేవాళ్లు పూటపూటకీ కడగాలి, మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, జిగురో వాసనో వస్తే పారేయాలి. ఆ గొడవంతా చూశాక నేను మళ్లీ రెండు గంటలు నానిన పెసరపప్పుకే వచ్చేశాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, కడుపుతో ఉన్నవాళ్లయినా మొలకలు ఆవిరి మీద ఉడికించుకోవడమే మేలు.

బెంగళూరు పేరు వెనక కూడా గింజలున్నాయని ఇక్కడ అందరూ చెబుతారు. హొయసల రాజు వీరబల్లాళుడు వేటలో దారితప్పి ఆకలితో ఉంటే ఒక అవ్వ ఉడికిన గింజలు పెట్టిందనీ, అప్పటి నుంచి ఇది బెందకాళూరు, అంటే ఉడికిన గింజల ఊరు, అయిందనీ కథ. ఒక ఆదివారం బేగూరు నాగేశ్వర గుడికి వెళ్లాను. అక్కడ దొరికిన సుమారు 890 నాటి శాసనంలోనే బెంగళూరు అనే పేరు ఉంది. వీరబల్లాళుడు ఆ తర్వాత మూడు వందల ఏళ్లకి గానీ రాలేదు. పేరు సంగతి ఎలా ఉన్నా ఆ అవ్వ గింజల్ని ఉడికించే పెట్టిందన్న ముక్క నాకు నచ్చింది. ఈ ఊరివాళ్లకి ప్రాణమైన అవరెకాయి, అదీ ఒక రకం చిక్కుడే, కూడా ఉడకాల్సిందే. చలికాలంలో మార్కెట్ నిండా ఆకుపచ్చ గుట్టలు పోసి అమ్ముతుంటారు, చూస్తే చెయ్యి లాగుతుంది. కానీ చిక్కుడు జాతి గింజలు, సోయా, రాజ్మా వీటిలో ఏదీ పచ్చిగా నా గిన్నెలోకి రాదు. మరీ తినాలనిపిస్తే నెలకోసారి శనగల టిన్ను కొంటాను. ఈసారి రింగు ఉన్నది చూసి.

వేసవిలో అయితే దీనికి సాటి లేదు. మా వైపు బెంగుళూరు మామిడి అని అమ్మే కాయ ఉంటుంది కదా, కలెక్టర్ కాయ అని కూడా అంటారు. ఇక్కడ దాన్ని గిణిమూతి అంటారు, అంటే చిలక ముక్కు. దోరకాయ ఒకటి సన్నగా కోసి వేస్తే నిమ్మకాయ సగం తగ్గించవచ్చు. ఆ రోజు గిన్నె అడుగున మిగిలే పుల్లటి రసం కోసం మా గదిలో పోటీ.

ఇప్పుడు ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మేం అయిదుగురం మేడ మీద, బట్టలారేసే తీగల కింద చాప వేసుకుని కూర్చుంటాం. పప్పు గ్లాసున్నర నానబోస్తున్నాను. ఒక్క సలాడ్‌తో అందరికీ పొట్ట నిండదు, అందుకని ఎవరో ఒకరు బేకరీ నుంచి బన్ను తెస్తారు, ఇంకొకరు పెరుగు ప్యాకెట్. కడప అమ్మాయి కారం చాలలేదని పైన ఇంకాస్త పచ్చిమిర్చి వేసుకుంటుంది. పోయిన నెల శ్రీకాకుళం నుంచి కొత్తగా ఒక చెల్లి చేరింది. రెండు చెంచాలు తిని, "ఇందులో నానబెట్టిన రాజ్మా కూడా వేస్తే ఇంకా నిండుగా ఉంటుంది కదక్కా?" అని అడిగింది. కడప అమ్మాయి నా మొహం చూసింది. నేను గిన్నె పక్కన పెట్టి, ఆ ఫిబ్రవరి రాత్రి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

ఆ అరకిలో ప్యాకెట్ మాత్రం చాలా నెలలు నా అల్మరాలోనే ఉంది. తిండి గింజల్ని పారేయడానికి మనసు రాలేదు. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్లు వంచి, కుక్కర్లో పెట్టింది. మామూలుగా అయిదు విజిళ్లకి దించే మనిషి, ఆ రోజు నన్ను పక్కన నిలబెట్టుకుని ఎనిమిది రానిచ్చింది.